ఉంగరం బిగిసిందా? షుగర్ ఒక్కటే చూస్తే చాలదు

సంపాదకులకు,

చెప్పుల సైజు పెరుగుతూ, ఉంగరం వేలికెక్కక, కింది పళ్ల మధ్య సందులు వస్తూ, షుగర్, బీపీ కూడా తోడైతే ఆక్రోమెగలీని (మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథిలో సాధారణంగా గడ్డ వల్ల గ్రోత్ హార్మోన్ అతిగా ఊరే జబ్బు) అనుమానించాలి. పదేళ్ల కిందటి ఫొటో పక్కన పెట్టి చూడండి, పైసా ఖర్చులేదు.

గ్రోత్ హార్మోన్ ఒక్కసారి చూడటం డబ్బు దండగ. అది రోజంతా అలలుగా వస్తుంది. ముందు ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్ ప్రభావంతో కాలేయంలో తయారయ్యే పదార్థం) రక్తపరీక్ష చేయించి, వయసుకు తగిన ప్రమాణంతో పోల్చాలి. షుగర్ అదుపు తప్పినా, కాలేయం దెబ్బతిన్నా అది తక్కువగా చూపి మోసం చేస్తుంది. షుగర్ తగ్గించి మళ్లీ చేయించాలి. తేలకపోతే 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటలపాటు అరగంటకోసారి గ్రోత్ హార్మోన్ చూస్తారు. అది తగ్గకపోతే జబ్బు ఖాయం; అప్పుడు పిట్యూటరీ ఎమ్మారై.

ముక్కులోంచి ఆ గడ్డ తీసే ఆపరేషనే మొదటి చికిత్స. దూరమైనా, చెయ్యి తిరిగిన సర్జన్ దగ్గరికే పంపండి. ఆ తర్వాత ఐజీఎఫ్-1 కాస్తే ఎక్కువుండి, గ్రోత్ హార్మోన్‌ను తగ్గించే ఆక్ట్రియోటైడ్ సూది నెలనెలా కొనలేకపోతే కాబర్గొలిన్ మాత్రలు వాడి చూడొచ్చు.

– హార్మోన్ వైద్యుల బృందం