ఫలానా యాంటీవైరస్సే ఉండాలనే కంపెనీలే కంప్యూటర్ కూడా ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

మాది నరసరావుపేట. పదకొండేళ్లుగా ఇంట్లోనే కూర్చుని అకౌంట్స్ రాస్తున్నాను. ఒక జిన్నింగ్ మిల్లు, ఒక కోల్డ్ స్టోరేజీ, రెండు ఎరువుల కొట్లు నా చేతిలో ఉన్నాయి. వీటికి తోడు ఈ ఏడాది మొదట్లో ఒక ఫైనాన్స్ కంపెనీకి లోన్ ఫైళ్లు సరిచూసే పని దొరికింది. అన్నిటికీ ఒక్కటే ల్యాప్‌టాప్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోతాయంటే, చీటీ పాడుకుని 38 వేలు పెట్టి కొత్తది కొన్నాను.

ఫైనాన్స్ కంపెనీ వాళ్లు అగ్రిమెంట్‌తో పాటు ఒక లింకు పంపారు. తాము చెప్పిన యాంటీవైరస్ వేసుకుంటేనే లాగిన్ ఇస్తామన్నారు. వేసుకున్నాను. నెల తిరక్కుండా మిల్లు ఆడిటర్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. మిల్లు లెక్కలున్న ప్రతి కంప్యూటర్‌లో తాము చెప్పిన యాంటీవైరస్ ఉండాలట, లైసెన్స్ కనిపించేలా స్క్రీన్‌షాట్ పంపాలట. అది వేరే కంపెనీది. ఫైనాన్స్ వాళ్లకు ఫోన్ చేస్తే "ఆ రెండోది తీసేయండి మేడమ్" అన్నారు. ఆడిటర్ ఆఫీసు కుర్రాడికి చేస్తే "ఆ మొదటిది తీసేయండక్కా" అన్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఎవరి పనీ పోగొట్టుకోలేక రెండూ ఉంచేశాను.

మార్చి 20 జీఎస్టీ రిటర్న్‌కు ఆఖరి రోజు. మిల్లు ప్రైవేట్ లిమిటెడ్ కాబట్టి డిజిటల్ సంతకం తప్పనిసరి. సాయంత్రం ఆరింటికి ఎండీ గారి డిజిటల్ సంతకం ఉన్న యూఎస్‌బీ టోకెన్ పట్టుకుని గుమాస్తా వచ్చాడు. రిటర్న్ అంతా నింపాను, సంతకం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. టోకెన్ మీద ఎర్ర లైటు వెలిగి ఆరుతోంది కానీ సంతకం పెట్టించే ఎమ్‌సైనర్ ప్రోగ్రామ్ మాత్రం తెరుచుకోవడం లేదు. ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరెత్తిపోతోంది. మౌస్ కదిపితే అర నిమిషానికి బాణం కదులుతోంది. ఏ ప్రోగ్రామ్ ఎంత వాడుకుంటోందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే డిస్క్ 100 శాతం, పైన వరసగా ఆ రెండు యాంటీవైరస్‌ల పేర్లే. ఇంతలో కింద మూల ఒక పెట్టె వచ్చింది: వైరస్ పట్టుకున్నామని. ఏ ఫైలా అని చూస్తే, రెండో యాంటీవైరస్ అప్పుడే దించుకున్న అప్‌డేట్ ఫైలు! పది దాటాక నీలి తెర వచ్చి మొత్తం ఆగిపోయింది. గుమాస్తా బండి మీద తెలిసిన ఇంకో అకౌంటెంట్ ఇంటికి పరిగెత్తి, పదకొండున్నరకు అక్కడ సంతకం పెట్టించాను. రోజుకు 50 రూపాయల లేటు ఫీజు పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఇన్నేళ్లలో నా చేతి మీదుగా ఒక్క రిటర్న్ కూడా ఆలస్యం కాలేదు. ఆ రాత్రి పడ్డ టెన్షన్‌కు తెల్లారినా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

మర్నాడు రిపేరు చేసే అబ్బాయి వచ్చి విడమరిచి చెప్పాడు. ఏ ఫైలు తెరిచినా ముందు యాంటీవైరస్ దాన్ని ఆపి చూస్తుంది. రెండు ఉంటే ఇద్దరూ చూడాలి, ఒకరు తెరిచిన ఫైలును మళ్లీ రెండోవారు ఆపి చూస్తారు. విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్ అయితే బయటి యాంటీవైరస్ వేయగానే తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. బయటి కంపెనీలవి రెండు ఎదురుపడితే అలా తప్పుకుంటాయన్న నమ్మకం లేదు. పైగా ఇవి విండోస్‌లో చాలా లోపల కూర్చునే ప్రోగ్రాములు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే ఒక్క సెక్యూరిటీ కంపెనీ పంపిన తప్పు అప్‌డేట్‌తో ప్రపంచంలో దాదాపు 85 లక్షల కంప్యూటర్లు ఆగిపోయాయి. మన శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఒక్కదానితోనే అంత జరిగితే, ఒకే మిషన్‌లో రెండు పెట్టమనడం ఏం న్యాయం?

మిల్లు ఆడిటర్ చెప్పిన యాంటీవైరస్‌ను దాని తయారీ కంపెనీవాళ్లే ఇచ్చే రిమూవల్ టూల్‌తో, అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో తీశాడు. మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేస్తే విండోస్ లోపల కూర్చునే దాని డ్రైవర్లనే భాగాలు అక్కడే ఉండిపోవచ్చట. ఫైనాన్స్ కంపెనీది తీద్దామంటే మాత్రం పాస్‌వర్డ్ అడిగింది. ఆ పాస్‌వర్డ్ వాళ్ల ఐటీ విభాగం దగ్గర ఉంది. నా డబ్బుతో కొన్న ల్యాప్‌టాప్, నా ఇంట్లో నా బల్ల మీద ఉంది, అందులోంచి ఒక ప్రోగ్రామ్ తీయడానికి నాలుగు రోజులు ఎవరికో ఫోన్లు చేయాల్సి వచ్చింది. ఆ నాలుగు రోజులూ కోల్డ్ స్టోరేజీ వాళ్లు ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) బ్యాకప్ తెచ్చిన పెన్‌డ్రైవ్ కూడా తెరుచుకోలేదు. ఆ ప్రోగ్రామ్‌లో వాళ్లు పెన్‌డ్రైవ్‌లను నిషేధించారట. వాళ్ల లోన్ ఫైళ్ల కోసం పెట్టిన నిబంధన, సంబంధం లేని వేరేవాళ్ల పనిని ఆపేసింది.

నేను యాంటీవైరస్ వద్దనే మనిషిని కాను. కొన్నేళ్ల కిందట నేను లెక్కలు రాసే ఎరువుల కొట్టులో, డబ్బు కడితేనే ఫైళ్లు తెరుస్తామనే ర్యాన్‌సమ్‌వేర్ పడి ట్యాలీ డేటా మొత్తం తాళం పడిపోయింది. ఏడు నెలల బిల్లులు, గోనెసంచిలోంచి ఒక్కొక్కటే తీసి, మళ్లీ నా చేత్తోనే ఎక్కించాను. రక్షణ ఎందుకు కావాలో నాకు బాగా తెలుసు.

నేను అడిగేది ఒక్కటే. బయటివాళ్లకు పని ఇచ్చే కంపెనీలు, ఆడిటర్లు "తాజా అప్‌డేట్లతో, ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక యాంటీవైరస్ ఉండాలి" అని రాసుకోవాలి. అది డిఫెండర్ అయినా ఒప్పుకోవాలి. కాదు, ఫలానాదే ఉండాలంటే అది వేసిన కంప్యూటర్ వాళ్లే ఇవ్వాలి. అదీ కుదరకపోతే రిమోట్ డెస్క్‌టాప్‌తో, అంటే ఇంటి నుంచే నెట్ ద్వారా తెరిచి, వాళ్ల సర్వర్‌లోనే పని చేయనివ్వాలి. పని మానేసిన రోజున అన్‌ఇన్‌స్టాల్ పాస్‌వర్డ్ చేతికివ్వాలన్నది కూడా అగ్రిమెంట్‌లో ఉండాలి. ఇంటి నుంచి ఇద్దరు ముగ్గురికి పని చేసేవాళ్లు మన ఊళ్లలో ఇప్పుడు చాలామంది ఉన్నారు, ముఖ్యంగా ఆడవాళ్లు. ఒక్కో షరతుకు ఒక్కో కంప్యూటర్ కొనే స్తోమత మాకెక్కడిది?

చివరికి ఫైనాన్స్ పని కోసం 14 వేలు పెట్టి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాను. నా రెండు నెలల సంపాదన దానికే పోయింది. వచ్చే నెల ఆ అగ్రిమెంట్ రెన్యువల్ ఉంది. ఈ షరతు మార్చమని లెటర్ పెట్టాను. నాలాగే ఇబ్బంది పడుతున్నవాళ్లు సంతకం చేసేముందు తమ కంపెనీలను కూడా అడగాలని కోరుతూ ఇది రాస్తున్నాను. పేరు ప్రచురించవద్దని మనవి.

– ఒక అకౌంటెంట్, నరసరావుపేట