పరిశోధక విద్యార్థుల భృతి పెంచాలి

సంపాదకులకు,

అయ్యా,

ఒక విశ్వవిద్యాలయం కోసమే మన రాజ్యాంగంలో ఒక అధికరణం ఉందన్న సంగతి హైదరాబాద్ వాసుల్లోనే చాలామందికి తెలియదు. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 నాటి జై ఆంధ్ర ఉద్యమాల తరువాత 1973లో కుదిరిన ఆరు సూత్రాల పథకంలో, రాజధానిలో కేంద్రీయ విశ్వవిద్యాలయం నెలకొల్పాలన్నది ఒక అంశం. అందుకు వీలుగా 32వ సవరణతో 371-ఇ అధికరణం చేరింది. 1974లో పార్లమెంటు చేసిన చట్టంతో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఏర్పడి, అబిడ్స్‌లో సరోజినీ నాయుడు కుటుంబం నివసించిన గోల్డెన్ థ్రెషోల్డ్‌లో పని మొదలుపెట్టింది. గచ్చిబౌలి ప్రాంగణం ఆ తరువాతి మాట.

ఆ భవనాల కన్నా, ఆ భూముల కన్నా నాకు ముఖ్యంగా కనిపించేది దాని నిర్మాణంలోని ఆలోచన. 1918 నుంచి ఉన్న ఉస్మానియాకు పీజీ, పరిశోధనలతో పాటు వందలాది అనుబంధ కళాశాలల పరీక్షలూ, ఫలితాలూ చూసుకోవలసిన భారం ఉంది. కొత్త విశ్వవిద్యాలయాన్ని ఆ భారం లేకుండా, ఎం.ఏ., ఎమ్మెస్సీ బోధించే అధ్యాపకులే పరిశోధనకూ మార్గదర్శకత్వం వహించేలా, కేవలం స్నాతకోత్తర విద్య కోసం తీర్చిదిద్దారు. ఇంటర్ పూర్తయినవారి కోసం అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులు చాలాకాలం తరువాత గాని రాలేదు.

ఇటువంటి సంస్థకు ప్రాణం పరిశోధక విద్యార్థులే. వారిలో జాతీయ స్థాయి నెట్ పరీక్ష ద్వారా జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించినవారికి 2023 జనవరి నుంచి పరిశోధనలోని మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000 వస్తుండగా, అదే ప్రయోగశాలలో, అదే గ్రంథాలయంలో, అదే పర్యవేక్షకుల వద్ద పనిచేసే నాన్-నెట్ విద్యార్థికి, అంటే అటువంటి ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీ చేస్తున్నవారికి, దక్కేది రూ.8,000. ఈ మొత్తం దశాబ్దానికి పైగా కదలలేదు. జేఆర్‌ఎఫ్ ఒక పరీక్షలో ప్రతిభకు గుర్తింపు అన్నది నిజమే, కొంత తేడా ఉండవచ్చు. కానీ నాలుగు రెట్లకు మించిన తేడాను సమర్థించడం కష్టం. హాస్టల్ గది దొరకక గచ్చిబౌలి, లింగంపల్లి పరిసరాల్లో బయట ఉండవలసి వస్తే ఆ ఎనిమిది వేలు అద్దెకూ మెస్సుకూ చాలవు. జిల్లాల నుంచి వచ్చి, ఇంట్లో మొదటిసారి పీహెచ్‌డీ దాకా చదివినవారు నెలనెలా ఇంటికి డబ్బు పంపకపోగా, ఇంటి నుంచి తెప్పించుకోవలసిన పరిస్థితి. పైగా ఈ నాన్-నెట్ పథకం ఉస్మానియా వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు వర్తించనే వర్తించదు.

కనుక రెండు విన్నపాలు. తెలంగాణ ఎంపీలు పార్టీలకు అతీతంగా నాన్-నెట్ భృతి పెంపును పార్లమెంటులో లేవనెత్తాలి. ఏటా ధరల సూచీని బట్టి సవరించే ఏర్పాటు కూడా అందులో ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వం తన విశ్వవిద్యాలయాల్లో ఏ ఫెలోషిప్పూ లేని పూర్తికాల పరిశోధకులకు వచ్చే బడ్జెట్టులోనే భృతి కేటాయించి, అది నెలల తరబడి బకాయి పడకుండా నేరుగా ఖాతాల్లో జమచేయాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తార్నాక, హైదరాబాద్