ఈ నెల పాలు ఎందుకు తగ్గాయంటే

కావలిలో మా దగ్గర పాలు పోయించుకునే అక్కలకు, అన్నలకు, పెద్దలకు నమస్కారం.

కొద్ది రోజులుగా చాలా ఇళ్లకు లీటరు బదులు ముప్పావు లీటరే పోస్తున్నాం. మీగడ కూడా పలచబడిందని కొందరు అడిగారు. రెండూ నిజమే.

ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైతే మన వైపు నిల్వ ఉన్న వేరుశనగ చెక్కకు (నూనె తీశాక మిగిలే పిప్పి, బర్రెల దాణా) బూజు పడుతుంది. ఈసారి వచ్చిన బస్తాలు విప్పితే ముక్క వాసన. అన్నీ పారేశాం. ఆ బూజుల్లో కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. బర్రె తింటే అందులో కొంత రూపం మారి పాలలోకి దిగుతుంది. మీరు ఎంత మరగకాచినా పోదు. అది లివర్‌కు చేటు. అందుకే మన దేశంలో కిలో పాలలో 0.5 మైక్రోగ్రాములకు మించి ఉండకూడదని చట్టం పెట్టారు. బూజు చెక్కను ఎండబెట్టి తవుడులో కలిపేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. వాసన పోయినంత మాత్రాన విషం పోయిందని నేను నమ్మలేను. ఆ పాలు పసిపిల్లలు తాగుతారు.

చెక్క తగ్గించి నేపియర్ గడ్డి, మినప పొట్టు పెంచాం. పాలు, వెన్న తగ్గింది అందుకే. గానుగ నుంచి కొత్త చెక్క వస్తోంది. బర్రెలకు దాణా ఒక్కసారిగా మార్చకూడదు కాబట్టి కోలుకోవడానికి ఇంకొంత సమయం పడుతుంది.

ఇంకో సంగతి. కొట్టంలో నేల తడిగా ఉండి రెండు బర్రెలకు పొదుగువాపు వచ్చింది. చనుకట్టులోకి యాంటీబయాటిక్ ట్యూబులు ఎక్కించాం. ఒక్క చన్నుకే మందు వేసినా నాలుగు చన్నుల పాలూ పారబోయాల్సిందే. మందును బట్టి గడువు మారుతుంది, కొన్నింటికి మూడు రోజులు, కొన్నింటికి ఇంకా ఎక్కువ. డాక్టరు గారు సరే అన్నాకే ఆ పాలు క్యాన్‌లో పడతాయి. మందు కలిసిన పాలు సరిగా తోడుకోవు కూడా. మా పాలు ఎప్పుడైనా తోడుకోకపోతే ఊరుకోకండి, వెంటనే ఫోన్ చేయండి. చలికి అలా జరిగిందో, మా వైపు ఏదైనా తేడా వచ్చిందో చూస్తాను.

చెక్క ఖర్చు పెరిగింది కాబట్టి ఒకటో తేదీ నుంచి లీటరు ధర 80 రూపాయల నుంచి 86 రూపాయలకు పెంచుతున్నాం. నీళ్లు కలిపి పాత రేటు నిలబెట్టడం నా వల్ల కాదు. చంటిపిల్లలున్న ఇళ్లకు కోత లేదు, మీకు పూర్తి లీటరు వస్తుంది. మిగతా వాళ్లలో ఎవరికైనా ఇంట్లో శుభకార్యం ఉంటే రెండు రోజుల ముందు చెప్పండి, సర్దుతాం.