ఆగస్టు ఫ్రింజ్‌లో ఎవరి ఫోటోలు తీద్దాం?

అందరికీ నమస్కారం. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరాలో ఏటా ఆగస్టులో జరిగే కళల ఉత్సవం 'ఫ్రింజ్'కి కెమెరాలతో వెళ్తున్న మన సభ్యులకు ఒక విన్నపం.

1947లో పిలవకుండానే వచ్చిన 8 నాటక బృందాలతో మొదలైన ఉత్సవం ఇది. ఎవరైనా వచ్చి ఆడొచ్చు. అయినా స్టేజీ మీదా, సీట్లలోనూ తెల్లవాళ్లే ఎక్కువ. తెల్లజాతివాళ్లు కాని కళాకారుల షోలను ఒక్కచోట జాబితాగా చూపించడానికే 2018లో 'ఫ్రింజ్ ఆఫ్ కలర్' మొదలైంది.

ఇందులో మన ఫోటోలు నిజంగా పనికొస్తాయి. చిన్న బృందాలకు ఫోటోగ్రాఫర్‌ని పెట్టుకునే స్తోమత ఉండదు. మంచి ఫోటో లేకపోతే పత్రికలో చోటు దొరకడం కష్టం. తమలాంటి ముఖం పోస్టర్ మీద కనిపిస్తేనే లోపలికి రావడానికి ధైర్యం చేసేవాళ్లూ ఉన్నారు.

రాయల్ మైల్ వీధిలో తమ షోల ఫ్లయర్లు పంచే కళాకారుల ఫోటోలు తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ (ఫోటోకి ఎంత వెలుతురు అందుతోందో) చూసుకోండి. వెనక తెల్లటి ఆకాశం ఉంటే కెమెరా నల్లటి ముఖాన్ని ఇంకా చీకటి చేసేస్తుంది. స్పాట్ మీటరింగ్ (ఒక్కచోటి వెలుతురునే కొలిచే సెట్టింగ్) ముఖం మీద పెట్టండి. ఫోన్ అయితే ముఖం మీద నొక్కి వెలుతురు కాస్త పెంచండి. ఎడిటింగ్‌లో మాత్రం చర్మాన్ని తెల్లగా చేయొద్దు, దయచేసి. ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి ఫిల్మ్ కంపెనీ కోడక్ ఇచ్చిన 'షర్లీ కార్డు' అనే నమూనా ఫోటోల మీద ఏళ్ల తరబడి తెల్లమ్మాయే ఉండేది. ఆ అన్యాయం మన చేతుల్లో కొనసాగకూడదు.

అడిగి తీయండి. పేరు, షో, వేదిక, టైము రాసుకుని, ఫోటోలు ముందు వాళ్లకే ఉచితంగా పంపండి. హాలు లోపల అయితే బృందం, వేదికవాళ్లు ఒప్పుకుంటేనే కెమెరా తీయాలి.

ఎవరు ఏ రోజు వెళ్తున్నారో ఇక్కడే రాయండి.