పాత క్వాలిస్‌ను తుక్కు అనే ముందు

సంపాదకులు గారికి నమస్కారం.

ఈ మధ్య మీ పత్రికలో పాత వాహనాల మీద వచ్చిన వ్యాసం చదివాను. పదిహేనేళ్లు దాటిన కారు ఏదైనా సరే తుక్కు కింద ఇచ్చేసి కొత్తది కొనుక్కోవడమే మంచిదని రాశారు. నేను విజయవాడ ఆటోనగర్‌లో కార్ల మెకానిక్‌ని. కుర్రతనంలోనే షెడ్డులో చేరాను, ఇప్పుడు సొంత షెడ్డు నడుపుతున్నాను. వ్యాసం రాసిన వారిది మంచి ఉద్దేశమే, కాదనను. కానీ కార్లన్నిటినీ ఒకే గాటన కట్టేశారు. ముఖ్యంగా పాత జపాన్ కార్ల గురించి రోజూ వాటిని విప్పి బిగించేవాడిగా నాలుగు మాటలు చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

టొయోటా క్వాలిస్ సంగతే తీసుకోండి. 2000 జనవరిలో మన మార్కెట్లోకి వచ్చింది, బెంగళూరు దగ్గర బిడది ఫ్యాక్టరీలో తయారయ్యేది. అప్పట్లో దాన్ని చూసి నవ్వినవాళ్లే ఎక్కువ. డబ్బా బండి అన్నారు. ఇండోనేషియాలో కిజాంగ్ పేరుతో ఎప్పుడో అమ్మేసిన మోడల్‌ని తెచ్చి మన నెత్తిన రుద్దారన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు, 1986 నాటి కిజాంగ్ మీదే క్వాలిస్ తయారైంది. అయితే దాని బలం కూడా అక్కడే ఉందని నా నమ్మకం. అక్కడి వానల్లో, గతుకుల్లో, ఓవర్‌లోడ్‌లో ఏళ్ల తరబడి తిరిగి, ఎక్కడ విరుగుతుందో ఎక్కడ కారుతుందో అన్నీ బయటపడ్డాక వచ్చిన బండి అది. కొత్త మోడల్ రాగానే కొన్నవాళ్లకి మొదటి రెండేళ్లు పడే తిప్పలు క్వాలిస్ కొన్నవాళ్లకి చాలావరకు తప్పాయి.

దాని డీజిల్ ఇంజిన్ 2,446 సీసీ. ఇచ్చే పవర్ 75 హార్స్‌పవర్. ఇవాళ 1,500 సీసీ డీజిల్ ఇంజిన్ నుంచే 110కి పైన లాగుతున్నారు. అంత పెద్ద ఇంజిన్‌ని అంత తక్కువ పనిలో పెడితే అరుగుదల ఎక్కడిది? టర్బో లేదు, కంప్యూటర్ లేదు, డీజిల్ పంపు పూర్తిగా మెకానికల్. కింద లారీకి ఉన్నట్టు ఛాసిస్, వెనక కమాన్ కట్టలు. పెళ్లివాళ్లని పదిమందిని ఎక్కించుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కినా, అనంతగిరి మీదుగా అరకు పోయినా, మెల్లగా పోయేది గానీ దారిలో దించేది కాదు.

కిందటి వేసవిలో కంకిపాడు నుంచి ఒక రైతు తన క్వాలిస్ తెచ్చాడు. మీటరు నాలుగు లక్షల కిలోమీటర్లు దాటింది. హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ దిమ్మకీ పై మూత హెడ్‌కీ మధ్య ఉండే రేకు, పోయింది. హెడ్ దించి, బోర్లు (పిస్టన్లు ఆడే సిలిండర్ల లోపలిభాగం) గుడ్డతో తుడిచి టార్చి వేసి చూశాను. ఫ్యాక్టరీలో హోనింగ్ (లోపలి గోడని సానబట్టడం) చేసినప్పుడు పడిన అడ్డగీతలు సిలిండర్ గోడల మీద ఇంకా కనిపిస్తున్నాయి. తెలియనివాళ్ల కోసం చెప్తాను: ఆ సన్నటి గీతల్లోనే ఆయిల్ నిలబడి పిస్టన్ రింగులు గోడకి నేరుగా రాసుకోకుండా కాపాడుతుంది. అవి పూర్తిగా అరిగి గోడ నున్నబడితే ఇంజిన్ ఆయిల్ తాగడం, నీలం పొగ వదలడం మొదలుపెడుతుంది. బోరు పై అంచున వేలిగోరు పెట్టి చూశాను, మెట్టు తగల్లేదు. రింగులు ఆడేచోట గోడ అరిగితే అక్కడ గోరుకి తగిలే మెట్టు పడుతుంది. షెడ్డులో పనిచేసే కుర్రాళ్లందరినీ పిలిచి ఒక్కొక్కరి చేత గోరు పెట్టించాను. లోహం ఎంత బాగుండాలో, పని ఎంత శుభ్రంగా జరగాలో పుస్తకంలో చదివితే తెలిసేది కాదు.

మరి గ్యాస్కెట్ ఎందుకు పోయిందంటారా? నీళ్ల వల్ల. రేడియేటర్లో కూలెంట్ పోయకుండా ఏళ్లుగా బోరు నీళ్లు పోస్తున్నారు. కృష్ణా జిల్లాలో బోరు నీళ్ల సంగతి మీకు తెలిసిందే, చాలా ఊళ్లలో ఉప్పు. రేడియేటర్ గొట్టాల్లో తుప్పు, సున్నం పేరుకుని నీళ్లు తిరగక బండి హీటెక్కింది. ఈ ఇంజిన్‌కి ఉన్న బలహీనత అదొక్కటే, హీటెక్కితే హెడ్ వాల్వుల మధ్య పగులుతుంది. ఈ రైతు అదృష్టం, పగలకముందే ఆపాడు. డబ్బా కూలెంట్ ఖర్చుకి వెనకాడి వేలకి వేలు హెడ్ పనికి పోసేవాళ్లని ఎంతమందిని చూశానో. జపాన్ బండి కదా, ఏం కాదులే అనే ధీమాతో బండిని పాడుచేసుకుంటున్నారు. ఆయిల్ వేళకి మార్చాలి, కూలెంట్ పోయాలి, వాల్వులని నడిపే టైమింగ్ బెల్టు లక్ష కిలోమీటర్లకి మార్చాలి. ఈ మూడూ చేసిన బండి మా షెడ్డుకి పెద్ద పనితో రావడం అరుదు.

మాది మంగళగిరి. మా నాన్న గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. అందుకేనేమో టొయోటా కథ తెలిసినప్పుడు నాకు మనసుకి బాగా పట్టింది. ఆ కంపెనీ మూలపురుషుడు సకిచి టొయోడా కార్లవాడు కాదు, మగ్గాలు తయారుచేసినవాడు. 1924లో ఆయన పూర్తిచేసిన ఆటోమేటిక్ మగ్గంలో పోగు తెగితే చాలు, మగ్గం తనంతట తనే ఆగిపోయేది. మగ్గం తెలియనివాళ్లకి ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. పడుగులో, అంటే నిలువు పోగుల్లో, పోగు తెగింది చూసుకోకుండా నేసుకుంటూ పోతే చీరలో గీత పడుతుంది. షావుకారు ఆ గీత చూపించి కూలి కోస్తాడు. మా నాన్న చేతులు, కాళ్లు ఆడుతున్నా కళ్లు మాత్రం పడుగు మీదే ఉండేవి. తెగిన చోట ఆపి, ముడివేసి, మళ్లీ మొదలుపెట్టేవాడు. ఆ కాపలా పనిని సకిచి యంత్రం చేత చేయించాడు. 1929లో ఆ మగ్గం పేటెంటు హక్కులు ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీకి లక్ష పౌండ్లకి అమ్మారు. ఆయన కొడుకు కీచిరో 1933లో మగ్గాల కంపెనీలోనే కార్ల విభాగం పెట్టాడు, 1937లో అది టొయోటా మోటార్ కంపెనీ అయింది. పోగు తెగితే ఆగాలన్న పద్ధతినే కార్ల ఫ్యాక్టరీలోకీ తెచ్చారు. లైన్ మీద పనిచేసే ఏ వర్కరైనా తప్పు కనిపిస్తే తాడు లాగుతాడు. అక్కడికక్కడ సరికాకపోతే లైన్ ఆగుతుంది. ఒక మామూలు కూలీ చేతికి ఫ్యాక్టరీని ఆపే హక్కు ఇచ్చారంటే ఆ బండ్లు ఎందుకు నిలుస్తున్నాయో నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

పెద్ద ఇంజిన్, తక్కువ పవర్ అన్న లెక్క అన్ని జపాన్ బండ్లకీ సరిపోదు. 1998లో మన దేశంలోకి వచ్చిన మొదటి హోండా సిటీ ఉంది. అందులో 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ మోడల్ వంద హార్స్‌పవర్ ఇచ్చేది, ఆ రోజులకి చాలా ఎక్కువ. అల్యూమినియం ఇంజిన్, సున్నితమైనది. ఒక్కసారి బాగా హీటెక్కితే హెడ్ వంగుతుంది. టైమింగ్ బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులకి తగిలి వంచేస్తాయి. అయినా గుడివాడలో రిటైరైన లెక్కల మాస్టారి 2001 మోడల్ సిటీ ఇవాళ్టికీ నా దగ్గరికి సర్వీసుకే వస్తుంది తప్ప రిపేరుకి రాదు. ఆయన ప్రతి ఆయిల్ మార్పు, ప్రతి టాపెట్ సెట్టింగ్ (వాల్వుల సందు సరిచేయడం) తేదీతో, కిలోమీటర్లతో నోటుపుస్తకంలో రాసుకుంటారు. "అబ్బాయి అమెరికా నుంచి ఫోన్ చేసి అమ్మేయమంటున్నాడయ్యా, వాడు మాత్రం అక్కడ పాత క్యామ్రీలోనే తిరుగుతున్నాడు" అన్నారు మొన్న. మన పిల్లలు చదువుకి అమెరికా వెళ్లగానే వెతుక్కునేది పాత క్యామ్రీనో కొరోలానో కదా. అక్కడ నమ్మకమైనది ఇక్కడ తుక్కు ఎలా అవుతుంది?

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా షెడ్డుల ముందు బండ్లు బారులు తీరాయి. కొత్త కార్లలో నీళ్లు వైరింగులోకి, కంప్యూటర్లలోకి వెళ్లి చాలావాటిని ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కింద రాసేశారు. అప్పు తీరని కార్ల యజమానుల టెన్షన్ చూస్తే బాధేసింది. వాటి మధ్య ఒక క్వాలిస్ కూడా వచ్చింది, సీట్ల దాకా మునిగింది. పుణ్యాత్ముడు సెల్ఫ్ కొట్టకుండా లాగించుకొచ్చాడు. నీళ్లు మింగిన ఇంజిన్‌ని స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, అది ఏ బండికైనా అంతే. స్టార్ట్ అయ్యేముందు సిలిండర్లని వేడిచేసే హీటర్ ప్లగ్గులు విప్పేసి అప్పుడు సెల్ఫ్ కొడితే ఆ కన్నాల్లోంచి బురదనీళ్లు పైకి చిమ్మాయి. ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, వెనక హౌసింగ్ ఆయిల్ అన్నీ దించేశాం. డీజిల్ ట్యాంకు కడిగాం. సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్ విప్పి ఆరబెట్టాం. డీజిల్ ఫిల్టర్ మీది చేతి పంపు నొక్కి ఎయిర్ తీశాం. తెల్లపొగ కక్కి కక్కి చివరికి సర్దుకుంది. ఆ బండి మీద ఆధారపడి బతికే కుటుంబం అది.

ఇంత చెప్పి, పాత బండ్లలో లోపాలే లేవంటే నేను అబద్ధం చెప్పినట్టు. పాత డీజిల్ బండి పొగ, 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బండి పొగ ఒకటి కావు. కొత్త వాటికి మసిని పట్టే ఫిల్టర్లున్నాయి, క్వాలిస్‌కి లేవు. ఢిల్లీలాంటి గాలి ఉన్నచోట పాత డీజిళ్ల మీద ఆంక్షలు పెట్టారంటే నేను తప్పుపట్టను. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ లేవు కాబట్టి హైవే మీద 120లో తోలే కుర్రాడికి ఈ బండి ఇవ్వొద్దని నేనే చెప్తాను. బందరు వైపు నుంచి వచ్చే బండ్లలో ఉప్పుగాలికి ఛాసిస్ తుప్పు పట్టినవి ఉంటాయి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోతుంది. అలాంటి దాన్ని ఇంజిన్ ఎంత బాగున్నా తుక్కుకి పంపాల్సిందే. పంపించాను కూడా.

నా బాధల్లా ఆ తుప్పు పట్టిన బండికీ, గుడివాడ మాస్టారి బండికీ తేడా లేకుండా పోవడం. పదిహేనేళ్లు దాటిన కారు ఆర్సీ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలైంది. ఇరవై ఏళ్లు దాటితే 10,000 అని 2025లో పెట్టారు. ఫీజు కట్టొచ్చు, కానీ ఆ డబ్బుకి తగ్గ పరీక్ష కూడా జరగాలి. బండిని లిఫ్టు మీద ఎత్తి ఛాసిస్ చూడాలి. బ్రేకులు రోలర్ మీద పెట్టి ఏ చక్రం ఎంత పడుతుందో కొలవాలి. పొగ మీటరు సైలెన్సర్‌లో పెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి చూడాలి. వీటిలో తప్పిన బండి అయిదేళ్లదైనా ఆపేయండి, నెగ్గిన బండి పాతికేళ్లదైనా తిరగనివ్వండి. నెలకి రెండుసార్లు గుడికీ ఆసుపత్రికీ తీసే కారుని వయసు చూసి పక్కన పెట్టించి, అప్పు చేయించి కొత్తది కొనిపించడం ఏ రిటైరైన మనిషికీ న్యాయం కాదు.

సెకండ్ హ్యాండ్‌లో పాత జపాన్ కారు కొందామనుకునే మీ పాఠకులకి ఒక మాట. మీటరు రీడింగ్ నమ్మకండి, వెనక్కి తిప్పడం తేలిక. క్లచ్, బ్రేక్ పెడళ్ల రబ్బర్లు, స్టీరింగ్ మీద చేతులు పెట్టేచోట అరుగుదల, డ్రైవర్ సీటు అంచు చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లి రేడియేటర్ మూత తీసి చూడండి. నీళ్లు తుప్పురంగులో ఉన్నా, మీద నూనె తేలుతున్నా వెనక్కి వచ్చేయండి.

ఇంకొకటి, ఇది ప్రాణాలకి సంబంధించింది. టకాటా అనే జపాన్ కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగుల్లో గ్యాస్ నింపే భాగం పాతబడ్డాక, ముఖ్యంగా వేడి, తేమ ఉన్న చోట్ల, పేలి ఇనుపముక్కలు విసురుతుందని తేలింది. ప్రపంచమంతటా కోట్ల కార్లను వెనక్కి పిలిచారు. మన దేశంలో 2003 నుంచి దాదాపు పదేళ్లలో వచ్చిన హోండా సిటీ, సివిక్, జాజ్, అకార్డ్‌లలో, టొయోటా కొరోలాల్లో చాలావాటికి ఇది వర్తిస్తుంది. చేతులు మారిన కార్ల యజమానుల్లో చాలామందికి ఆ కబురు అంది ఉండదు. ఛాసిస్ నంబరు పట్టుకుని కంపెనీ షోరూముకి వెళ్తే చూసి చెప్తారు, మార్చాల్సి ఉంటే ఉచితంగానే మారుస్తారు. మీ పత్రిక దీన్ని నలుగురికీ కనబడేలా వేస్తే మా కోస్తా జిల్లాల్లో తిరిగే ఆ కార్ల వాళ్లకి మేలు చేసినవారవుతారు.

ఇట్లు,
ఒక కార్ల మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ