కౌంటర్ ముందు నిలబడే మనవాళ్లు

బిడ్డా,

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో చెక్-ఇన్ కౌంటర్ మీద నీకు ఉద్యోగం వచ్చిందని అమ్మ వాడంతా చెప్పుకుంటోంది. నేను చెప్పాలనుకున్నది ఫోన్‌లో కుదరక రాస్తున్నాను.

నేను మస్కట్ పోయిన రోజుల్లో జగిత్యాల వాళ్లకు విమానమంటే బొంబాయే. రాత్రంతా బస్సు, తర్వాత ఏజెంటు చూపించిన ఇరుకు రూము. టికెట్ ఎప్పుడు చేతికొస్తుందో తెలియదు. మిత్తికి తెచ్చిన పైసలు అక్కడే కరిగిపోయేవి. తర్వాత బేగంపేట, 2008 మార్చి నుంచి శంషాబాద్ దగ్గరయ్యాయి. ఇప్పుడు మధ్యాహ్నం ఇంట్లో అన్నం తిని బయలుదేరితే రాత్రికి దుబాయి విమానం ఎక్కొచ్చు. గల్ఫ్‌లో ఎవరైనా చనిపోతే శవం కూడా ఇక్కడికే వస్తుంది, ఊరిదాకా ప్రభుత్వ అంబులెన్స్ ఉచితం. ఆ పెట్టె కోసం బయట నిలబడ్డ కుటుంబానికి అదెంత పెద్ద సాయమో నాకు తెలుసు.

2023-24లో విదేశాల నుంచి మన దేశానికి వచ్చిన సొమ్ములో 8.1 శాతం తెలంగాణకే వచ్చిందని రిజర్వు బ్యాంకు సర్వే చెప్పింది. అందులో అమెరికా సాఫ్ట్‌వేర్ జీతాలూ ఉన్నాయి, ఎండలో సెంట్రింగ్ కొట్టినవాడి చెమటా ఉంది. ఇద్దరూ నీ కౌంటర్‌కే వస్తారు. మొదటివాడికి అన్నీ తెలుసు. నీ అవసరం రెండోవాడికి.

వాడి సంచి రెండు కిలోలు ఎక్కువ తూగుతుంది. పక్కకు జరిగి తాడు విప్పితే సకినాల డబ్బా, మామిడి తొక్కు, కొత్త లుంగీలు బయటపడతాయి. వెనకున్నవాళ్లు విసుక్కుంటారు, వాడికి చేతులు వణుకుతాయి. అప్పుడు నువ్వు తెలుగులో, మెల్లగా, ఏది తీయాలో ఏది చేతి సంచిలోకి మార్చొచ్చో చెప్పు. పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే పనికి పోయేముందు సర్కారు తనిఖీ కావాలన్న రకం. గల్ఫ్‌లో పనికి పోవాలంటే వాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే సర్కారు అనుమతి, తప్పనిసరి. కొందరు ఏజెంట్లు అది లేకుండా విజిట్ వీసా మీద పంపిస్తారు. ఆ కాగితాలు చూసినప్పుడు కసురుకోకు, సంగతి అర్థమయ్యేలా చెప్పు. అక్కడికి పోయి చిక్కుకోవడం కన్నా ఇక్కడ ఆగిపోవడమే నయం.

ఆ ఎయిర్‌పోర్ట్ దాదాపు 5,500 ఎకరాల్లో ఉంది. ఆ భూములు ఒకప్పుడు రైతులవి. నీతోపాటు ట్రాలీలు తోసేవాళ్లలో, నేల తుడిచేవాళ్లలో ఆ ఇళ్ల పిల్లలు ఉండొచ్చు. వాళ్లను పేరు పెట్టి పిలువు.

వచ్చే నెల మన పక్కింటి పిల్లగాడు మొదటిసారి సౌదీ పోతున్నాడు. వాళ్లమ్మకు ఒకటే టెన్షన్. ఆ రోజు నీ డ్యూటీ ఎప్పుడో ముందే చెప్పు, నీ నంబర్ వాడికి ఇస్తాను.

నీ బాపు