సిజేరియన్ తర్వాత ఎన్ని గంటలు కడుపు మాడ్చాలి?

సంపాదకులకు నమస్కారం.

సిజేరియన్ అయిన బాలింతకు గ్యాస్ పోయేదాకా చుక్క నీళ్లు కూడా ఇవ్వని వార్డులు మన దగ్గర ఇంకా ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42కు పైగా కాన్పులు ఆపరేషన్‌తోనే జరుగుతున్నాయి. కాబట్టి ఇది ఏ ఒకరిద్దరి దాహమో కాదు.

ఈ ఆపరేషన్‌లో కోసేది పొట్ట గోడను, గర్భసంచిని. మామూలుగా పేగుల జోలికి పోరు. చిన్నపేగు కొన్ని గంటల్లోనే కదలిక అందుకుంటుంది. ఆలస్యంగా తేరుకునేది పెద్దపేగు, దానికి రెండు మూడు రోజులు కూడా పట్టొచ్చు. గ్యాస్ పోవడమంటే ఆ ఆఖరి భాగం కూడా తేరుకుందని గుర్తు. అందాకా కడుపు మాడ్చాల్సిన పనిలేదు. ఇబ్బందేమీ లేనివాళ్లకు రెండు గంటల్లోపే మామూలు ఆహారం మొదలుపెట్టమని, ఆపరేషన్ తర్వాత త్వరగా కోలుకునే పద్ధతులు సూచించే అంతర్జాతీయ వైద్య సంస్థ ఎరాస్ సొసైటీ 2019లోనే చెప్పింది.

'సెలైన్ ఎక్కుతోందిగా, తిండెందుకు?' అంటారు. అర లీటరు 5 శాతం డెక్స్‌ట్రోస్ సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే వంద కేలరీలు కూడా ఉండవు. మామూలు సెలైన్‌లో ఆ మాత్రం కూడా లేదు, ఉప్పునీళ్లే.

ఇచ్చే పద్ధతి ముఖ్యం. వెన్నుకు మత్తిచ్చినవాళ్లు మెలకువగానే ఉంటారు. ఒళ్లంతా మత్తిచ్చి ఉంటే పూర్తిగా తెలివి వచ్చి, స్పష్టంగా మాట్లాడేదాకా ఆగాలి. బీపీ నిలకడగా ఉంటే మంచం తలవైపు ఎత్తి, ముందు రెండు మూడు చెంచాల నీళ్లు పట్టాలి. పావుగంటలో వికారం లేకపోతే అర గ్లాసు, ఆ తర్వాత ఇడ్లీయో మెత్తటి అన్నమో. వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో నీళ్లు పోస్తే పొలమారుతుంది. వెన్నుకు మత్తిచ్చాక తల పైకెత్తితే తలనొప్పి వస్తుందన్నది పాత భయం. పడుకోబెట్టినంత మాత్రాన ఆ నొప్పి ఆగదు.

అందరికీ ఇదే లెక్క కాదు. రక్తస్రావం ఆగక మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లే అవకాశం ఉంటే కడుపు ఖాళీగా ఉండాల్సిందే. పేగుకు గాయమై కుట్లు వేసినా, వాంతులు తగ్గకపోయినా, పొట్ట డోలులా బిగిసి ఉబ్బుతున్నా డాక్టరు చెప్పేదాకా ఏమీ పెట్టకూడదు. షుగర్ ఉండి ఇన్సులిన్ వాడేవాళ్లకు తిండి వేళ మారితే మోతాదూ చూసుకోవాలి.

ఇంటికొచ్చాక ఇంకో పథ్యం మొదలు. పప్పు తింటే కుట్లు చీము పడతాయని నెలల తరబడి కారప్పొడి, వెల్లుల్లితోనే సరిపెడతారు. చీము పట్టించేది సూక్ష్మక్రిములు, పప్పు కాదు. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి. 30 గ్రాముల కందిపప్పులో అవి ఆరు గ్రాములకు పైనే ఉంటాయి, ఒక గుడ్డులోనూ దాదాపు అంతే. నీళ్లు తాగితే పొట్ట జారుతుందని కట్టడి చేయడం మరీ అన్యాయం. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ, నీళ్లు చాలక మలబద్ధకమైతే ముక్కినప్పుడల్లా కుట్లు లాగుతాయి.

ఆసుపత్రులు చేయాల్సింది చిన్న పనే. కేస్‌షీట్‌లో 'ఎన్‌పీఓ' (నోటితో ఏమీ ఇవ్వొద్దు) అని రాసి వదిలేయకుండా నీళ్లు ఎన్నింటికి, తిండి ఎన్నింటికి, ఆపితే ఎందుకు ఆపారన్నది తెలుగులో రాసి మంచం దగ్గర తగిలించాలి. డిశ్చార్జి కాగితంలో పప్పు, గుడ్డు, నీళ్లు పేరుపెట్టి రాయాలి. ఇంట్లో పెద్దవాళ్లకు చూపించడానికి బాలింత చేతిలో ఆ కాగితమైనా ఉండాలి కదా.

– ఒక మత్తు వైద్యురాలు, వరంగల్